ఇంత సబ్సిడీ తీసుకునే యూరప్ రైతు ట్రాక్టర్ తీసుకుని రోడ్డెక్కేది దేనికి?

2024 ఫిబ్రవరి 1న బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్ దేశాధినేతలు మీటింగ్‌లో కూర్చుంటే బయట వెయ్యికి పైగా ట్రాక్టర్లు వీధుల్ని నింపేశాయి, యూరోపియన్ పార్లమెంట్ ముందు రైతులు టైర్లు తగలబెట్టారు, గుడ్లు విసిరారు. దానికి ముందే జర్మనీలో వ్యవసాయ డీజిల్ మీద పన్ను రాయితీ తీసేస్తామన్నందుకు జనవరి అంతా గొడవ, ఫ్రాన్స్‌లో పారిస్‌కి వెళ్లే హైవేల మీద ట్రాక్టర్లు అడ్డం పెట్టారు, పోలండ్‌లో ఉక్రెయిన్ ధాన్యం వచ్చి మా ధర పడగొడుతోందని సరిహద్దు దగ్గర కూర్చున్నారు.

ఆ వీడియోలు చూసినప్పుడు మనకి సహజంగా వచ్చే అనుమానం ఒకటుంది. ప్రపంచంలో రైతుకి బాగా డబ్బిచ్చే ప్రాంతాల్లో యూరప్ ఒకటి కదా, మరి వీళ్లకేం లోటని రోడ్డెక్కారు? దీనికి సమాధానం తెలియాలంటే మూడు విషయాల్ని విడదీసి చూడాలి, ఎందుకంటే వార్తల్లో ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. ఒకటి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. రెండోది పంటకి ఉండాల్సిన క్వాలిటీ రూల్స్. మూడోది రైతుకీ కొనేవాడికీ మధ్య బేరం న్యాయంగా జరగడానికి పెట్టిన చట్టాలు. నాకు అర్థమైనంతలో యూరప్ మొదటిదాని మీద అరవై ఏళ్లు ఖర్చు పెట్టింది, రెండోదాన్ని చాలా వివరంగా రాసుకుంది, మూడోదాన్ని మాత్రం ఈ మధ్యే మొదలుపెట్టింది. రైతు కోపంలో పెద్ద భాగం ఆ మూడోదాని దగ్గరే ఉంది.

క్యాప్ ఎక్కడ మొదలైంది, వెన్న గుట్టలు ఎలా పేరుకున్నాయి

ఈయూ వ్యవసాయ విధానాన్ని అక్కడ కామన్ అగ్రికల్చరల్ పాలసీ అంటారు, పొట్టిగా క్యాప్. ఇది ఎందుకు పుట్టిందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం గుర్తుండాలి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో జనం తిండి లేక చచ్చిపోయారు, ఆ తర్వాత ఆ దేశానికి వ్యవసాయ మంత్రి అయిన సిక్కో మాన్స్‌హోల్ట్ స్వయంగా రైతు, ఆయనే తర్వాత యూరప్ మొత్తానికి మొదటి వ్యవసాయ కమిషనర్ అయ్యాడు. 1957 రోమ్ ఒప్పందంలో ఐదు లక్ష్యాలు రాసుకున్నారు: దిగుబడి పెరగాలి, రైతు కుటుంబానికి మర్యాదగా బతికే ఆదాయం రావాలి, మార్కెట్ మరీ ఊగిసలాడకూడదు, తిండికి కొరత రాకూడదు, కొనేవాళ్లకి ధర అందుబాటులో ఉండాలి. ఇప్పటి ఒప్పందంలో 39వ ఆర్టికల్ కూడా ఇదే చెప్తుంది.

1962లో అమల్లోకి వచ్చిన మొదటి పద్ధతి మనకి బాగా తెలిసినదే, మద్దతు ధర. ఫలానా ధర కంటే మార్కెట్ కిందకి పడితే ప్రభుత్వమే కొంటుంది, ఎంత తెస్తే అంత కొంటుంది. రైతులు సహజంగానే ఎక్కువ పండించారు, అది పని చేసింది, కాకపోతే ఆగకుండా పని చేసింది. 1970లు 80ల నాటికి గోడౌన్లలో వెన్న, పాలపొడి, గోధుమలు పేరుకుపోయాయి, "వెన్న కొండలు, వైన్ సరస్సులు" అని పేపర్లు రాసేవి. ఆ మిగులుని ఎగుమతి సబ్సిడీ ఇచ్చి బయటి దేశాల్లో చౌకగా అమ్మేవాళ్లు, దాంతో ఆఫ్రికాలోనో ఇంకోచోటో ఉన్న చిన్న పాడి రైతుకి తన సొంత ఊళ్లోనే ధర రాకుండా పోయేది. 1980ల మొదట్లో యూరప్ ఉమ్మడి బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు దీనికే పోయేవి.

1984లో పాలకి కోటా పెట్టారు, ప్రతి రైతూ ఇంతే అమ్మాలని, అది 2015 మార్చి దాకా నడిచింది. అసలు మలుపు మాత్రం 1992లో. రే మెక్‌షారీ అనే ఐర్లండ్ కమిషనర్ మద్దతు ధరలు బాగా తగ్గించి, ఆ నష్టానికి బదులు హెక్టారుకి ఇంతని రైతు అకౌంట్‌లోకి డబ్బు వేసే పద్ధతి తెచ్చాడు. 2003లో అప్పటి కమిషనర్ ఫ్రాన్జ్ ఫిష్లర్ ఇంకో అడుగేశాడు, ఆ డబ్బుకీ నువ్వు ఏం పండిస్తావనే దానికీ సంబంధం తెంచేశాడు, అంటే గోధుమ వేసినా గడ్డి వేసినా భూమిని సరిగ్గా చూసుకుంటే చాలు డబ్బు వస్తుంది. ఈరోజు క్యాప్‌కి వెన్నెముక ఇదే. 2021 నుంచి 2027 దాకా మొత్తం దాదాపు 38,700 కోట్ల యూరోలు, ఈయూ బడ్జెట్‌లో సుమారు మూడో వంతు.

హెక్టారుకి ఇంత అంటే ఎవరికి ఎంత చేరుతుంది

లెక్క చేసి చూస్తేనే తెలుస్తుంది. హెక్టారుకి, అంటే మన రెండున్నర ఎకరాలకి, 200 యూరోలు అనుకుందాం (దేశాన్ని బట్టి ఇది చాలా మారుతుంది, లెక్క కోసం తీసుకున్నా). పది హెక్టార్ల రైతుకి ఏడాదికి 2,000 యూరోలు. ఐదొందల హెక్టార్ల కంపెనీకి లక్ష యూరోలు. మొదటాయనకి అది ట్రాక్టర్ రిపేర్ ఖర్చుకి కూడా చాలకపోవచ్చు, రెండోవాళ్లకి అది పక్క పొలం కొనడానికి పనికొచ్చే డబ్బు. ఇలా నేరుగా అకౌంట్‌లోకి వేసే డబ్బులో, అంటే డైరెక్ట్ పేమెంట్లలో, దాదాపు 80 శాతం 20 శాతం మందికే చేరుతుందని ఈయూ పాలనా విభాగమైన కమిషన్ లెక్కలే చెప్తాయి. దీన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా వినాలి: భూమే అలా పంచబడి ఉంది, ఎక్కువ భూమి సాగు చేసేవాడు ఎక్కువ ఖర్చు పెడతాడు, ఎక్కువ తిండి పండిస్తాడు, రిస్క్ కూడా వాడిదే పెద్దది. ఎదుటివాళ్లు అనేది, ఇది ఆదాయానికి ఆసరా అని పేరు పెట్టినప్పుడు ఆసరా అవసరమైనవాడికి కదా ముందు అందాలి అని. 2023 నుంచి ప్రతి దేశం డైరెక్ట్ పేమెంట్లలో కనీసం 10 శాతం చిన్న మధ్య రైతుల వైపు మళ్లించాలని పెట్టారు, ఇంకో 25 శాతం పర్యావరణానికి మేలు చేసే సాగుకి కేటాయించాలన్నారు, కాకపోతే దేశాలకి మినహాయింపులు బాగానే ఉన్నాయి.

ఇంకో చిక్కు కౌలు. యాభై హెక్టార్లు కౌలుకి చేసే రైతుకి ఏటా 10,000 యూరోలు వస్తున్నాయని భూమి యజమానికి తెలుసు, కాబట్టి కౌలు మళ్లీ రాసుకునేటప్పుడు హెక్టారుకి ఇంకో 80, 100 యూరోలు పెంచుతాడు. పేపర్ మీద డబ్బు తీసుకున్నది రైతు, సగం దాకా చేరింది యజమానికి. తెలంగాణ వాళ్లకి ఈ చర్చ కొత్త కాదు. 2018లో రైతుబంధు ఎకరానికి సీజన్‌కి 4,000 రూపాయలతో మొదలైనప్పుడు కౌలు రైతు సంగతేంటన్న ప్రశ్న మొదటి రోజు నుంచీ ఉంది. తేడా ఏంటంటే అక్కడ సాగు చేసేవాడి పేరు మీద డబ్బు వచ్చి కౌలు రూపంలో జారిపోతుంది, ఇక్కడ పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంటే నేరుగా వాళ్లకే పోతుంది.

ఈ డబ్బుకి షరతులుంటాయి. నేల కోతకి గురి కాకుండా చూడాలి, వాగుల పక్కన కొంత జాగా మందు కొట్టకుండా వదలాలి, పంట మార్చాలి. 2023లో ఒక రూల్ వచ్చింది, సాగు భూమిలో 4 శాతం పంట వేయకుండా పిట్టలకీ పురుగులకీ వదిలేయాలని. వంద హెక్టార్లు ఉన్నాయన చూస్తే నాలుగు హెక్టార్ల పంట పోయినట్టే, అదే టైంలో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఎరువుల రేట్లు, కరెంటు రేట్లు పెరిగి, తర్వాత గోధుమ ధర పడిపోయింది. తేనెటీగలూ మట్టీ లేకపోతే రేపు ఆ వంద హెక్టార్లలో కూడా పంట రాదని సైంటిస్టులు అంటున్నది నిజమే, ఆ ఖర్చు మొత్తం ఈ ఏడాది ఈ రైతు మీదే ఎందుకు పడాలన్నదీ నిజమైన ప్రశ్నే. ఆందోళనల తర్వాత 2024లో ఆ 4 శాతం రూల్ తీసేశారు, పది హెక్టార్ల లోపు రైతులకి షరతుల చెకింగులు, జరిమానాలు ఎత్తేశారు, పురుగుమందుల వాడకం సగానికి తగ్గించాలన్న చట్టం ముసాయిదాని కూడా వెనక్కి తీసుకున్నారు.

మన మద్దతు ధర మీద గొడవ, వాళ్ల డైరెక్ట్ పేమెంట్ మీద లేదు, ఎందుకు

ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీఓలో సబ్సిడీలకి రంగుల డబ్బాలు ఉంటాయి. ధరని, ఉత్పత్తిని నేరుగా ప్రభావితం చేసేది అంబర్ బాక్స్, దానికి పరిమితి ఉంది. పంటతో సంబంధం లేకుండా ఇచ్చేది గ్రీన్ బాక్స్, దానికి పరిమితి లేదు. యూరప్ 1992, 2003 సంస్కరణలతో తన డబ్బులో ఎక్కువ భాగాన్ని గ్రీన్ బాక్స్‌లోకి జరుపుకుంది. మన మద్దతు ధర అంబర్‌లో ఉంది, ఆ పంట విలువలో 10 శాతం దాటకూడదు, పైగా లెక్క కట్టేది 1986-88 నాటి ధరతో పోల్చి. ఉదాహరణకి అప్పటి ధర కిలోకి 4 రూపాయలు, ఇప్పటి మద్దతు ధర 23 అనుకుంటే, బయట మార్కెట్లో 22 ఉన్నా సరే సబ్సిడీ ఒక రూపాయి అని రాయరు, 19 రూపాయలని రాస్తారు. అందుకే 2018-19 బియ్యం విషయంలో ఇండియా పరిమితి దాటామని చెప్పి, 2013 బాలి సమావేశంలో తెచ్చుకున్న, పరిమితి దాటినా ఎవరూ కేసు వేయకుండా కాపాడే పీస్ క్లాజు వాడుకోవాల్సి వచ్చింది. యూరప్ వైపు వాదన, పంటతో ముడిపెట్టని డబ్బు ప్రపంచ ధరని పాడు చేయదు అని. దానికి ఎదురు వాదన కూడా బలమైనదే: ఆ డబ్బు లేకపోతే మూతపడే పొలాలు ఆ డబ్బు వల్లే నడుస్తున్నాయి, నడిచే పొలం పండిస్తుంది, పండింది మార్కెట్‌కే వస్తుంది.

క్వాలిటీ అంటే మూడు రకాల రూల్స్

యూరప్ క్వాలిటీ స్టాండర్డ్స్ అనగానే అన్నీ ఒకే గంపలో వేసేస్తాం. అందులో ఒకటి ఆరోగ్యానికి సంబంధించింది, మందు అవశేషాలు, బూజు విషాలు, దీంట్లో బేరం లేదు. రెండోది గ్రేడింగ్, సైజు, రంగు, లేబుల్. మూడోది పేరుకి సంబంధించింది, ఫలానా ఊరి సరుకు అని ఎవరు చెప్పుకోవచ్చు అన్నది.

గ్రేడింగ్‌లో అందరూ చెప్పుకునే కథ దోసకాయ వంకర. 1988 నాటి రూల్ నిజంగానే ఉండేది, మొదటి రకం కీరా పది సెంటీమీటర్ల పొడవుకి పది మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వంగకూడదని. దాన్ని బ్రస్సెల్స్ పిచ్చి అని చాలామంది చెప్పుకున్నారు, కానీ ఆ రూల్ కావాలని అడిగింది ఎక్కువగా వ్యాపారులే, ఎందుకంటే తిన్నగా ఉన్న కాయలైతే పెట్టెలో ఎన్ని పడతాయో ముందే తెలుస్తుంది, చూడకుండానే వేరే దేశం నుంచి ఆర్డర్ పెట్టొచ్చు. 2009లో కీరాతో కలిపి 26 రకాల పండ్లు కూరగాయలకి ఆ రూల్స్ ఎత్తేశారు, ఆపిల్, టమాట, స్ట్రాబెర్రీ, ద్రాక్ష లాంటి పదింటికి మాత్రం ఉంచారు. మరి సూపర్ మార్కెట్లో వంకర కీరా కనపడుతుందా? పెద్దగా కనపడదు, ఎందుకంటే చట్టం పోయినా సూపర్ మార్కెట్ల సొంత స్పెసిఫికేషన్ పోలేదు. నన్నడిగితే ఇక్కడే అసలు విషయం ఉంది. ప్రభుత్వ రూల్ అయితే గెజిట్‌లో ఉంటుంది, అభ్యంతరం చెప్పొచ్చు, మార్చమని అడగొచ్చు. కొనేవాడి రూల్ కాంట్రాక్టులో ఉంటుంది, నచ్చకపోతే ఇంకొకడు ఇస్తాడు అంటాడు. గ్లోబల్ గ్యాప్ లాంటి సర్టిఫికెట్లు చట్టప్రకారం అవసరం లేదు, కానీ అవి లేకుండా యూరప్‌లో చాలా పెద్ద దుకాణాలకి పండ్లు అమ్మడం కష్టం.

లేబుల్ రూల్స్ రైతుకి మేలు చేసిన సందర్భాలున్నాయి. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటున్న మనవాళ్లు గుడ్డు మీద ఉండే ముద్ర చూసే ఉంటారు, మొదటి అంకె 0 అయితే ఆర్గానిక్, 1 అయితే బయట తిరిగే కోడి, 2 అయితే షెడ్డులో, 3 అయితే బోనులో పెంచింది. ఎక్కువ ఖర్చుతో కోడిని పెంచే రైతుకి ఆ అంకె వల్లే ఎక్కువ ధర అడిగే అవకాశం దొరికింది. తేనె విషయంలో మొన్నటిదాకా "ఈయూ, ఈయూయేతర దేశాల తేనెల మిశ్రమం" అని ఒక్క లైన్ రాసి సరిపెట్టేవాళ్లు, 2024లో చట్టం మార్చి 2026 జూన్ 14 నుంచి ఏ దేశం తేనె ఎంత శాతమో సీసా మీద రాయాలన్నారు. ఇది తేనెటీగలు పెంచేవాళ్లు ఏళ్ల తరబడి అడిగిన విషయం.

పేరు మీద హక్కు: ఫెటా కథ

1992 నుంచి యూరప్‌లో పేరు రక్షణకి రెండు ముఖ్యమైన స్థాయిలున్నాయి. పీడీఓ అంటే పాలు దగ్గర నుంచి తయారీ దాకా అంతా ఆ ప్రాంతంలోనే జరగాలి. పీజీఐ అంటే కనీసం ఒక ముఖ్యమైన దశ అక్కడ జరిగితే చాలు. ఇప్పుడు వైన్లు, మద్యంతో కలిపి 3,500కి పైగా పేర్లు రిజిస్టర్ అయ్యాయి.

ఇందులో ఎక్కువ కాలం నడిచిన తగాదా ఫెటా చీజ్‌ది. గ్రీస్ 1996లో రిజిస్టర్ చేయించుకుంది, గొర్రె పాలు ముఖ్యం, మేకపాలు 30 శాతం దాకా కలపొచ్చు, అంతే. డెన్మార్క్, జర్మనీ, ఫ్రాన్స్ ఒప్పుకోలేదు, మేము ఎప్పటి నుంచో ఇదే పేరుతో చేస్తున్నాం, డెన్మార్క్‌లో ఆవుపాలతో చేస్తారు, ఇది ఏ ఊరి పేరూ కాదు, అందరి పేరు అన్నారు. 1999లో ఈయూ కోర్టు రిజిస్ట్రేషన్ కొట్టేసింది, 2002లో మళ్లీ ఇచ్చారు, 2005లో కోర్టు గ్రీస్ వైపు నిలబడింది. డెన్మార్క్ కంపెనీలు యూరప్ బయట అదే పేరుతో అమ్ముతూ ఉంటే 2022లో అదీ తప్పేనని తీర్పు వచ్చింది. డెన్మార్క్ డెయిరీ పనివాళ్లు తరాలుగా చేస్తున్న సరుకు పేరు రాత్రికి రాత్రి మార్చుకోవాల్సి రావడం కష్టమే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ గ్రీస్ కొండల్లో గొర్రెలు మేపుకునే కుటుంబానికి ఫ్యాక్టరీ ఆవుపాలతో పోటీ పడగలిగే ఆయుధం ఆ పేరొక్కటే, ఆ పేరు పోతే ధరా పోతుంది, కాబట్టి నా మొగ్గు వాళ్ల వైపే.

మనకి ఇందులో తెలుసుకోవాల్సింది ఉంది. ఇండియాలో ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే జీఐ ట్యాగ్ ఉన్నంత మాత్రాన యూరప్‌లో రక్షణ రాదు, అక్కడ వేరేగా రిజిస్టర్ అవ్వాలి. డార్జిలింగ్ టీకి 2011లో, కాంగ్రా టీకి 2023లో పీజీఐ వచ్చింది. బాస్మతి కోసం 2018లో ఇండియా వేసిన దరఖాస్తుకి పాకిస్తాన్ అడ్డుపడింది. గుంటూరు సన్నం మిర్చికైనా బనగానపల్లె మామిడికైనా అరకు కాఫీకైనా ఇక్కడ వచ్చిన ట్యాగ్ మొదటి మెట్టు మాత్రమే.

బయటి సరుకుకీ అదే రూల్ ఉండాలా

ట్రాక్టర్ల మీద కట్టిన బ్యానర్లలో తరచూ కనపడిన డిమాండ్ ఇది. మాకు ఈ మందు వాడొద్దన్నారు, ఆ మందు వాడిన పంటని బయటి నుంచి తెచ్చి మా పక్కనే చౌకగా అమ్ముతున్నారు, ఇదెక్కడి న్యాయం? దీన్నే అక్కడ అద్దం రూల్స్ అంటున్నారు, మాకు పెట్టిందే వాళ్లకీ పెట్టమని. బ్రెజిల్, అర్జెంటీనా ఉన్న మెర్కోసూర్ కూటమితో వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని 2024 డిసెంబర్‌లో ప్రకటించినప్పుడు ఫ్రాన్స్‌లో అంత మంట రేగింది అందుకే, అందులో 99,000 టన్నుల బీఫ్‌కి తక్కువ సుంకం ఉంది.

ఇప్పటికే ఉన్న రూల్ ఏంటంటే, ఏదైనా మందుకి ప్రత్యేకంగా పరిమితి రాసి లేకపోతే దాని అవశేషం కిలోకి 0.01 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే వెయ్యి టన్నుల సరుకులో పది గ్రాములు. వరిలో అగ్గితెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్‌ని 2017లో ఈ స్థాయికి దించినప్పుడు మన బాస్మతి ఎగుమతిదారులు కంగారు పడ్డారు. ఇది ఆహార భద్రత పరంగా పెట్టిన పరిమితి. దీనికంటే ఒక అడుగు ముందుకేసింది 2023 రూల్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ అనే రెండు మందులకి, తినేవాళ్ల ఆరోగ్యం కోసం కాకుండా ప్రపంచంలో ఎక్కడి తేనెటీగలైనా చావకూడదన్న కారణంతో దిగుమతుల పరిమితి తగ్గించారు, 2026 మార్చి నుంచి అమలు.

ఇక్కడ రెండు వైపులా పట్టు ఉంది. ఫ్రాన్స్ రైతు వైపు నుంచి చూస్తే ఒకే బల్ల మీద ఇద్దరి సరుకు పెట్టినప్పుడు ఒకే కొలత ఉండాలి. మన వైపు నుంచి చూస్తే మన తెగుళ్లు వేరు, మన వాతావరణం వేరు, ఎకరం రెండెకరాల రైతు దగ్గర ల్యాబ్ ఉండదు, పైగా తమ దగ్గర నిషేధించిన కొన్ని మందుల్ని యూరప్ కంపెనీలు బయటి దేశాలకి ఎగుమతి చేస్తూనే ఉన్నాయి, ఆ తలుపు మూయకుండా ఈ తలుపు మూయడం ఏం న్యాయం అని. రూల్ కఠినంగా ఉండటమే తప్పు అని కూడా అనలేం. 2014 మే 1 నుంచి మన మామిడిపండ్ల మీద పండు ఈగ కారణంగా ఈయూ నిషేధం పెట్టింది, ప్యాకింగ్ హౌసుల్లో తనిఖీలు, ట్రీట్‌మెంట్ సరి చేసుకున్నాక 2015 మొదట్లో ఎత్తేశారు. ఆంధ్రా రొయ్యకి కూడా యాంటీబయాటిక్స్ దొరకడం వల్ల 2016లో యూరప్ పోర్టుల్లో మన చెరువు రొయ్యల శాంపిల్ తనిఖీ 50 శాతానికి పెంచారు. మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 అనే బూజు విషం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అది పురుగుమందు వల్ల రాదు, కల్లంలో సరిగ్గా ఆరక తడి మీదే టిక్కీలు కట్టేస్తే పట్టే బూజు వల్ల వస్తుంది. ఆ బూజు మన పిల్లల కూరలోకి వచ్చినా అంతే చెడ్డది. ల్యాబ్ టెస్టు ఖర్చు, ఆరబెట్టే టార్పాలిన్ పట్టాల ఖర్చు ఎవరు భరించాలన్నది మాత్రం ఆ అంకె చెప్పదు, అది దాదాపు ఎప్పుడూ గొలుసులో కింద ఉన్నవాడి మీదే పడుతుంది.

న్యాయమైన బేరం: 2019 చట్టం ఏం చెప్పింది

ఇప్పుడు మూడోది. యూరప్‌లో 2020 లెక్క ప్రకారం దాదాపు 91 లక్షల వ్యవసాయ క్షేత్రాలున్నాయి, 2005 నుంచి 15 ఏళ్లలో 53 లక్షలు మాయమయ్యాయి. వీళ్లందరి ఎదురుగా ఉన్నది ప్రతి దేశంలో నాలుగైదు సూపర్ మార్కెట్ గ్రూపులు. స్ట్రాబెర్రీ కోసేసిన రైతుకి రెండు రోజుల్లో అమ్ముకోకపోతే కుళ్లిపోతుంది, కొనేవాడికి ఈ రైతు కాకపోతే ఇంకో వందమంది ఉన్నారు. ఈ బలహీనత సబ్సిడీతో పోదు, ఒక్కోసారి సబ్సిడీ వస్తోంది కదా అని కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు.

అందుకే 2019లో అన్యాయ వ్యాపార పద్ధతుల మీద ఒక డైరెక్టివ్, అంటే ప్రతి దేశం తన సొంత చట్టంలోకి తెచ్చుకోవాల్సిన ఈయూ చట్టం తెచ్చారు, 2021 నవంబర్ నుంచి దేశాలు అమలు చేయాలి. పూర్తిగా నిషేధించినవి పది. పాడైపోయే సరుకుకి 30 రోజుల్లో, మిగతా వాటికి 60 రోజుల్లో డబ్బు కట్టాలి. పాడైపోయే సరుకు ఆర్డర్‌ని చివరి నిమిషంలో క్యాన్సిల్ చేయకూడదు, 30 రోజుల కంటే తక్కువ ముందు చెప్తే చివరి నిమిషం కిందే లెక్క. ఒప్పందాన్ని ఒకవైపు నుంచే మార్చకూడదు. కొనేవాడి గోడౌన్‌లో పాడైతే రైతు దగ్గర వసూలు చేయకూడదు. ఒప్పందం రాసివ్వమంటే కుదరదనకూడదు. కంప్లైంట్ ఇచ్చాడని ఆర్డర్లు ఆపి కక్ష తీర్చుకోకూడదు. ఇంకో ఆరు పద్ధతులు ముందే స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప చెల్లవు: అమ్ముడుపోని సరుకు వెనక్కి పంపడం, అరలో పెట్టినందుకు, ఆఫర్‌కి, ప్రచారానికి రైతు దగ్గరే డబ్బు తీసుకోవడం లాంటివి. మన యార్డుల్లో తరుగు, కమీషన్, డబ్బులు రెండు నెలల తర్వాత రా అనడం చూసినవాళ్లకి ఈ జాబితా చదివితే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే పద్ధతుల పేర్లు మారాయి గానీ బాధ అదే.

కానీ ఈ రక్షణ అందరికీ లేదు. రెండు వైపులా ఏడాది టర్నోవర్ పోల్చి మెట్లు పెట్టారు. అమ్మేవాడిది 20 లక్షల యూరోల లోపు ఉంటే కొనేవాడిది 20 లక్షలు దాటాలి. అమ్మేవాడిది 20 లక్షల నుంచి కోటి మధ్య అయితే కొనేవాడిది కోటి దాటాలి. అలా కోటి నుంచి 5 కోట్లు, 15 కోట్లు, 35 కోట్ల దాకా మెట్లున్నాయి. ఉదాహరణకి 15 లక్షల టర్నోవర్ ఉన్న స్ట్రాబెర్రీ రైతు, 4 కోట్ల టర్నోవర్ ఉన్న హోల్‌సేల్ కంపెనీకి అమ్మితే చట్టం కాపాడుతుంది. అదే కంపెనీకి 3 కోట్ల టర్నోవర్ ఉన్న సహకార సంఘం అమ్మితే కాపాడదు, ఎందుకంటే ఆ మెట్టులో కొనేవాడు 5 కోట్లు దాటాలి. ఆ సంఘంలో ఉన్నది రెండు వందల చిన్న రైతులే కావొచ్చు, కలిసి బలపడ్డందుకు రక్షణ పోయింది. ఇది డిజైన్‌లో పెద్ద లోపం అని నేను అనుకుంటున్నా, కొన్ని దేశాలు తమ చట్టంలో ఇంకా విస్తరించాయి గానీ అందరూ చేయలేదు.

ఇంకా పెద్ద సమస్య భయం. ఉన్న ఒక్క కొనుగోలుదారు మీద ఎవరు కంప్లైంట్ ఇస్తారు? దానికి చట్టం, తన పేరు రహస్యంగా ఉంచమని అడిగే హక్కు రైతుకి ఇచ్చింది, రైతు తరఫున సంఘం కూడా ఫిర్యాదు చేయొచ్చు. అయినా ఒక ప్రాంతంలో ఒక సరుకు ఇచ్చేది ముగ్గురే అయితే ఎవరిచ్చారో కనిపెట్టడం కష్టమేమీ కాదు.

మనవాళ్లకి తెలియని విషయం ఒకటి ఇందులో ఉంది. అమ్మేవాడు ఈయూ బయట ఉన్నా, కొనేవాడు ఈయూలో ఉంటే చట్టం వర్తిస్తుంది. గుంటూరులో 80 లక్షల యూరోల టర్నోవర్ ఉన్న మిర్చి ఎగుమతిదారు నేరుగా జర్మనీ సూపర్ మార్కెట్ గ్రూపుకి ఎండుమిర్చి అమ్మితే 60 రోజుల్లో డబ్బు రావాలి, రాకపోతే జర్మనీలోని బీఎల్ఈ అనే వ్యవసాయ, ఆహార శాఖ ఆఫీసుకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఎగుమతిదారుకి మిర్చి అమ్మిన పల్నాడు రైతుకి మాత్రం ఇది తగలదు, ఆ లావాదేవీ పూర్తిగా ఇక్కడే జరిగింది కాబట్టి. పై మెట్టు మీద డబ్బు టైంకి వస్తే కింది మెట్టుకి కూడా వస్తుందన్న గ్యారంటీ ఏ చట్టంలోనూ లేదు.

ఖర్చు కంటే తక్కువకి కొనొద్దంటే ఏమవుతుంది

30 రోజుల్లో డబ్బు ఇవ్వమంది గానీ ఎంత ఇవ్వాలో డైరెక్టివ్ చెప్పలేదు. స్పెయిన్ 2021లో తన చట్టం సవరించి గొలుసులో ప్రతివాడూ తన వెనకవాడికి ఉత్పత్తి ఖర్చు కంటే తక్కువ కట్టకూడదంది. ఫ్రాన్స్ ఎగలిమ్ పేరుతో 2018 నుంచి వరుసగా చట్టాలు చేసింది, ధర మాట్లాడేటప్పుడు రైతు ఖర్చు సూచీ నుంచి మొదలవ్వాలని, రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలని.

వినడానికి ఇది ఎప్పుడో చేయాల్సిన పనిలా ఉంటుంది. చిక్కు లెక్కలో వస్తుంది. ఆలివ్ తోటలే తీసుకోండి, సమతల భూమిలో యంత్రంతో కోసే తోటలో కిలోకి ఖర్చు 50 సెంట్లు, కొండ వాలులో చేత్తో కోసే తోటలో 90 సెంట్లు అనుకుందాం. కొనేవాడు ఇద్దరికీ వాళ్ల వాళ్ల ఖర్చు ఇవ్వాలంటే కొండ మీద రైతు దగ్గరికి వెళ్లడం మానేస్తాడు, చట్టం ధర చెప్పగలదు గానీ కొనమని చెప్పలేదు. లేదా సరిహద్దు దాటి వేరే దేశంలో కొంటాడు, కొన్ని ఫ్రెంచ్ గ్రూపులు బేరాలు చేయడానికి వేరే దేశాల్లో ఉమ్మడి కొనుగోలు ఆఫీసులు పెట్టుకున్నాయి, ఫ్రాన్స్‌లో అమ్మే సరుకుకి ఫ్రెంచ్ చట్టమే వర్తిస్తుందని 2023లో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. అయినా ఈ చట్టాలు వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను, ఎందుకంటే మొదటిసారి కొనేవాడే రుజువు చూపించాల్సిన పరిస్థితి వచ్చింది, అంతకు ముందు నష్టపోయానని రుజువు చూపించాల్సింది రైతే.

ఇప్పుడు ఎక్కడుంది

2025 జూలైలో కమిషన్ 2028-34 బడ్జెట్ ప్రతిపాదన పెట్టింది. క్యాప్‌కి వేరేగా ఉన్న నిధుల్ని ప్రాంతీయాభివృద్ధి లాంటి వాటితో కలిపి ఒక్కో దేశానికి ఒకే ప్లాన్ కింద ఇస్తామని, అందులో దాదాపు 30,000 కోట్ల యూరోలు రైతుల ఆదాయానికే పక్కన పెడతామని, ఒక్కో రైతుకి ఏడాదికి లక్ష యూరోలకి మించి ఆదాయ మద్దతు ఇవ్వమని అందులో ఉంది. చిన్న రైతుల సంఘాలకి పరిమితి కావాలి, పెద్ద సంఘాలకి అది వద్దు, ఉమ్మడి నిధిలో కలిపేస్తే రేపు రోడ్లకీ ఆయుధాలకీ మళ్లిస్తారన్న భయం మాత్రం అందరికీ ఉంది.

బేరం వైపు చూస్తే, 2024 డిసెంబర్‌లో కమిషన్ రెండు సవరణలు ప్రతిపాదించింది. ఒకటి, రైతుకీ కొనేవాడికీ మధ్య రాతపూర్వక కాంట్రాక్టు మామూలు పద్ధతి కావాలి, ఆరు నెలలు దాటిన కాంట్రాక్టులో ఖర్చులు మారితే ధర మళ్లీ మాట్లాడుకోమని రైతు అడిగే క్లాజు ఉండాలి. రెండోది, కొనేవాడు ఒక దేశంలో అమ్మేవాడు ఇంకో దేశంలో ఉన్నప్పుడు రెండు దేశాల అధికారులు కలిసి విచారణ చేయాలి. మా సభ్యులు మాకు అమ్మడం వ్యాపారి బేరం కాదు, మా నియమావళిలోనే అన్నీ ఉన్నాయి, మళ్లీ కాంట్రాక్టులెందుకని సహకార సంఘాల వైపు నుంచి అభ్యంతరం ఉంది. సంఘం నియమావళి మంచిదైతే ఆ మాట సరిపోతుంది, సంఘం ఎంత పెద్దదైందంటే సభ్యుడికి తన పాల ధర నెలాఖరుకి గానీ తెలియని చోట సరిపోదు, అలాంటి సంఘాలు యూరప్‌లో ఉన్నాయి కాబట్టి మినహాయింపు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క షరతైనా పెట్టమని చిన్న పాడి రైతులు అడగడంలో న్యాయం ఉంది.